టీవీ స్ట్రీమింగ్ పరికరాలలో ఆంతరంగిక ఛాయాచిత్రాల వీక్షణ

రోకు, ఆపిల్ టీవీ, క్రోమ్‌కాస్ట్ వంటి స్ట్రీమింగ్ పరికరాల ద్వారా, అంతర్జాలంలో దాచుకొన్న ఛాయాచిత్రాలను టీవీ తెరపై చూడవచ్చును. అయితే ఇతరులకు కనబడకుండా ఉంచిన చిత్రాల విషయంలో ఈ సౌకర్యానికి కొన్ని పరిమితులు ఉన్నాయి.

పనిచేసే విధానం

గూగుల్ సంస్థ 2013లో విడుదల చేసిన క్రోమ్‌కాస్ట్ (దీని ఉత్పత్తి 2024లో నిలిచిపోయింది) ఇందుకు మంచి ఉదాహరణ. ఫోను సాధారణంగా చిత్రం యొక్క చిరునామాను మాత్రమే అందజేస్తుంది. చిత్రాన్ని సర్వరు నుండి పరికరమే తెచ్చుకొంటుంది. బహిరంగ చిత్రానికి చిరునామా చాలును. ఆంతరంగిక చిత్రానికి యజమాని అనుమతి కూడా అవసరం.

రిమోటుతో సంకేతపదం టైపు చేయడం కష్టం. కనుక టీవీ తెరపై కనబడే కోడును ఫోనులో గాని, కంప్యూటరులో గాని నమోదు చేసి అనుమతి ఇచ్చే పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఇది 2019లో ఆర్‌ఎఫ్‌సి 8628 పత్రంగా ప్రచురితమైంది.

పరిమితులు

* ఇతర సంస్థల అనువర్తనాలు మొత్తం చిత్రాలను చదివే అనుమతిని గూగుల్ ఫోటోస్ 2025 మార్చి 31న తొలగించింది. అవి తాము ఎక్కించిన చిత్రాలను, లేదా వినియోగదారు స్వయంగా ఎంచి ఇచ్చిన చిత్రాలను మాత్రమే చూపగలవు. తరువాత తీసిన చిత్రాలను మళ్ళీ ఎంచవలసి ఉంటుంది.
* ఖాతా ఒకరిది, టీవీ ఇంటిల్లిపాదిది. అనుసంధానించిన ఆల్బము ఇంటికి వచ్చిన అతిథులకు కూడా కనబడుతుంది.
* లంకె ద్వారా పంచుకొన్న ఆల్బమును ఆ లంకె చేరిన ఎవరైనా చూడవచ్చును. టీవీలో చూడడం కోసమే చిత్రాలను బహిరంగం చేస్తే ఆంతరంగికత పోయినట్లే.

జాగ్రత్తలు

టీవీని గాని, పరికరాన్ని గాని ఇతరులకు ఇచ్చే ముందు దానిని పూర్వస్థితికి మార్చి, ఖాతా అమరికలలో దానికిచ్చిన అనుమతిని రద్దు చేయాలి.