ఒకే అఫిడవిట్... 177 పేర్లు

2015 మే 17, ఆదివారం మధ్యాహ్నం. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, వేకో పట్టణం. ట్విన్ పీక్స్ రెస్టారెంట్ దగ్గర బైకర్ల హక్కుల మీద సమావేశం పెట్టుకున్నారు. పార్కింగ్ నిండా మోటార్‌సైకిళ్లు. అక్కడ మొదలైన మాటామాటా తోపులాటైంది, తోపులాట కాల్పులైంది. గొడవ జరగొచ్చని ముందే వచ్చి కాపు కాసిన పోలీసులూ తుపాకులు పేల్చారు. తొమ్మిది మంది చనిపోయారు. ఇరవై మంది దాకా గాయపడ్డారు.

గొడవ ఒక గుడ్డ పట్టీ గురించి! బైకర్ గ్యాంగుల సభ్యులు వేసుకునే చొక్కా వీపు మీద పైన గ్యాంగ్ పేరు, మధ్యలో బొమ్మ, అడుగున ప్రాంతం పేరు కుట్టి ఉంటాయి. అడుగు పట్టీ మీద ‘టెక్సాస్’ అని ఎవరు రాసుకోవాలన్నా తమ అనుమతి కావాలన్నది 1966లో పుట్టిన బాండీడోస్ గ్యాంగ్ పట్టు. ప్రత్యర్థి గ్యాంగ్ కొసాక్స్ వాళ్లు ఆ పేరు కుట్టుకుని తిరగడం మొదలుపెట్టారు. చనిపోయినవాళ్లలో ఎక్కువ మంది కొసాక్సే. వియత్నాం యుద్ధంలో గాయపడి పతకం అందుకున్న 65 ఏళ్ల పెద్దాయన కూడా ప్రాణాలు కోల్పోయాడు. ఆయనకు ఏ గ్యాంగ్‌తోనూ సంబంధం లేదని ఇంట్లోవాళ్లు మొత్తుకున్నారు.

అసలు అన్యాయం ఆ తర్వాత మొదలైంది. పోలీసులు 177 మందిని అరెస్టు చేశారు. అందరికీ ఒకే అఫిడవిట్, పేరు మాత్రం మార్చారు. కాల్చినవాడికీ, బల్ల కింద దాక్కున్నవాడికీ తేడా లేదు. ఒక్కొక్కరికి పది లక్షల డాలర్ల బెయిల్, అప్పటి లెక్కలో ఆరు కోట్ల రూపాయలకు పైమాటే. అది కట్టలేక చాలామంది వారాల తరబడి జైల్లో ఉన్నారు, ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఇది దర్యాప్తు అనిపించుకోదు, వల వేయడం.

నూట యాభైకి పైగా మందిపై అభియోగాలు మోపారు. రుజువైతే కనీసం 15 ఏళ్లు, గరిష్ఠంగా జీవితఖైదు. ఎవరు ఎవరిని కాల్చారో తేల్చకుండా అందరినీ ‘వ్యవస్థీకృత నేరం’ కింద కట్టేశారు. చనిపోయినవాళ్లలో నలుగురికి, ఆరోజు పోలీసులు వాడిన రైఫిళ్ల సైజు తూటాలే తగిలాయని పరీక్షల్లో తేలడంతో చిక్కుముడి ఇంకా బిగిసింది.

ఇన్ని కేసుల్లో విచారణ దాకా వెళ్లింది ఒక్కటే. డాలస్ బాండీడోస్ నాయకుడి మీద 2017లో నడిచిన ఆ విచారణలో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. మరుసటి ఏడాది, ఈ కేసులు నడిపిన ప్రాసిక్యూటర్ ఏబెల్ రెయ్నా ఆ పదవికి జరిగిన ఎన్నికల్లో ఓడిపోయారు.

గ్యాంగుల మీద చట్టం చేతులు కట్టుకు కూర్చోవాలని ఎవరూ అనరు. అదే 2018లో శాన్ ఆంటోనియో ఫెడరల్ కోర్టు, బాండీడోస్ జాతీయ అధ్యక్షుడికీ, ఉపాధ్యక్షుడికీ జీవితఖైదు విధించింది. అక్కడ 2006 నాటి ఆస్టిన్ హత్యతో సహా ఫలానా నేరాన్ని ఫలానావాళ్లే చేయించారని సాక్షులతో నిరూపించారు. ఆ ఓపిక వేకోలో లేకపోయింది.

2019 ఏప్రిల్ 2న కొత్త ప్రాసిక్యూటర్ బ్యారీ జాన్సన్ చివరికి మిగిలిన 24 కేసులనూ ఎత్తేశారు. వేకోలో పోయిన తొమ్మిది ప్రాణాలకు ఏ కోర్టులోనూ ఒక్కరికీ శిక్ష పడలేదు.