నెట్ ఉన్నది, ఫోన్ పోతలేదు

“నెట్ వేయించిన గదా, ఫోన్ ఎందుకు పోతలేదు?” మంథనిలో ఏ రీచార్జ్ షాపు ముందు కాసేపు నిలబడినా వినబడే ప్రశ్నే ఇది. అడిగినవాళ్ల తప్పేమీ లేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక మాటలూ డాటా ఒకే ప్యాక్‌లో కలిసి రావడం మామూలైంది. దాంతో ఆ రెండూ ఒకటేనన్న భావన కుదిరిపోయింది.

డాటా ప్యాక్‌తో ఇంటర్నెట్ మాత్రమే వస్తుంది. మన దగ్గర ప్రీపెయిడ్ డాటా ప్యాకులు చాలావరకు అసలు ప్లాన్ మీద అదనంగా వేసుకునేవే. అసలు ప్లాన్ అయిపోతే మామూలు కాల్స్ ఆగిపోతాయి. అప్పుడు వైఫై అయినా, డాటా ఒక్కటే ఉన్న మరో సిమ్ అయినా దొరికితే వాట్సాప్ లాంటి యాప్‌తో మాట్లాడుకోవచ్చు. దీన్నే ఇంటర్నెట్ కాల్ అంటున్నాం.

అది ఎలా నడుస్తుందో చూద్దాం. ఫోన్ మన గొంతును అంకెలుగా మార్చి, కుదించి, చిన్న ముక్కలుగా కోస్తుంది. వీటిని ప్యాకెట్లు (అడ్రసు రాసి పంపే డాటా పొట్లాలు) అంటారు. సాధారణంగా సెకనుకు 50 ముక్కలు వెళతాయి. అవతలి ఫోన్ వాటిని వరుసగా పేర్చి మళ్లీ గొంతుగా మారుస్తుంది. దారిలో ఒక ముక్క పోతే మళ్లీ తెప్పించుకునే వ్యవధి ఉండదు, ఆలోపు మాట దాటిపోతుంది. అందుకని ఫోనే ఆ ఖాళీని అంచనాతో పూడుస్తుంది. ఒకటీ రెండూ పోతే మన చెవికి తెలియదు. వరుసగా పోతే గొంతు గరగరలాడుతుంది, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 4జీలో మామూలు కాల్ కూడా ఇలాగే ప్యాకెట్లుగానే వెళుతుంది. దాని పేరు వోల్టీ (VoLTE, 4జీ నెట్‌వర్క్ మీదే నడిచే ఫోన్ కాల్). మరి అది తేటగా వినబడి వాట్సాప్ కాల్ ఎందుకు తెగుతుంది? మామూలు కాల్‌కు టవర్ దగ్గర ముందే చోటు కేటాయిస్తారు. ఆర్టీసీ బస్సులో రిజర్వేషన్ సీటు ఉన్నట్టన్నమాట. యాప్ కాల్ మాత్రం రీల్స్‌తో, సినిమాలతో కలిసి నిలబడి ప్రయాణం చేయాలి. సాయంత్రం అందరూ ఫోన్లు పట్టుకునే వేళ ఆ తేడా తెలుస్తుంది.

ఖర్చయ్యే డాటా ఎక్కువేమీ కాదు. మాట కాల్‌కు నిమిషానికి సుమారు అర ఎంబీ, గంటకు 30 ఎంబీ. రోజుకు 1.5 జీబీ వచ్చే ప్యాక్‌లో అది రెండు శాతమే. వీడియో కాల్ అంతకు ఎన్నో రెట్లు తింటుంది. రోజు కోటా అయిపోయాక చాలా ప్యాకుల్లో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అప్పుడు కూడా వీడియో ఆపేస్తే మాట ఎలాగోలా నడవవచ్చు.

యాప్ కాల్‌తో కాని పనులు మాత్రం గట్టివే. రెండు చివరలా ఒకే యాప్, నెట్ ఉండాలి. బటన్ల ఫోన్ వాడే ముసలమ్మకు వాట్సాప్‌లో ఫోన్ చేయలేం. 108కూ, 112కూ అందులోంచి కాల్ పోదు. బ్యాంకు ఓటీపీ డాటాలో రాదు, అది సిమ్‌కు ఎస్సెమ్మెస్‌గా వస్తుంది. యాప్ నుంచి మామూలు నంబర్లకు కాల్ చేసే సౌకర్యాన్ని కేంద్రం 2018లో లైసెన్సున్న టెలికాం సంస్థలకు అనుమతించింది. బీఎస్‌ఎన్‌ఎల్ ‘వింగ్స్’ తెచ్చింది కూడా. కానీ అప్పటికే మాటలు ఉచితమైపోయాయి, దాని అవసరం ఎవరికీ పెద్దగా కనబడలేదు.

ఉత్తర తెలంగాణకు ఈ లెక్కంతా గల్ఫ్ దగ్గర తారుమారవుతుంది. కరీంనగర్, జగిత్యాల, ఆదిలాబాద్ వైపు నుంచి అటు వెళ్లినవాళ్లు వేల ఇళ్లలో ఉన్నారు. దుబాయ్ ఉన్న యూఏఈలో వాట్సాప్ మెసేజీలు వెళతాయి, కాల్స్ వెళ్లవు. సిగ్నల్ లోపం కాదది. ఇంటర్నెట్ కాల్స్‌కు అనుమతి పొందిన యాప్‌లనే అక్కడి నియంత్రణ సంస్థ నడవనిస్తుంది. బోటిమ్ అలాంటిదే.

ఇంకొక చిక్కు. ఇక్కడి సిమ్ నంబరుతో తెరిచిన వాట్సాప్‌ను అక్కడ సిమ్ లేకుండానే వాడుకోవడం గల్ఫ్ కార్మికులకు అలవాటు. ఖాతా తెరిచిన సిమ్ ఫోన్‌లో ఉంటేనే మెసేజింగ్ యాప్ పనిచేయాలని దూరసంచార శాఖ 2025 నవంబరులో ఆదేశాలిచ్చింది. సైబర్ మోసాలను అరికట్టడం దాని ఉద్దేశం. కారణం సబబైనదే, భారం మాత్రం దూరాన ఉన్నవాడి మీద పడుతుంది. కనుక ఊరి నంబరును వాలిడిటీ లేక పోగొట్టుకోకూడదు. 90 రోజులు ఏ వాడకమూ లేని ప్రీపెయిడ్ నంబరును కంపెనీ తీసేయవచ్చు.

ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌కు డాటా ప్యాక్‌ను తిరగేసిన దారి కూడా ఉంది. డాటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లే ఉండే వోచర్లు తప్పక ఇవ్వాలని ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది, వాటి గడువును ఏడాది దాకా పెంచుకోనిచ్చింది. ఇంట్లో వైఫై ఉంటే అవ్వ స్మార్ట్‌ఫోన్‌కు అలాంటి వోచర్ సరిపోతుంది. దుబాయ్ పోయే కొడుకు మాత్రం విమానం ఎక్కకముందే బోటిమ్‌ను అవ్వ ఫోన్‌లోనూ వేసి, ఎట్లా ఎత్తాలో చూపించి పోవాలి.