గోల్ కొట్టలేదు... గుండెల్లో నిలిచాడు!

గోల్ కొట్టినవాడి పేరు ఊరంతా చెప్పుకుంటుంది. పడాల్సిన గోల్‌ను ఆపినవాడు మర్నాటికి ఎవరికీ గుర్తుండడు. డిఫెండర్ల తలరాతే అంత. ఆస్ట్రేలియాలో బెర్ట్ డీకన్ మాత్రం ఆ రాతను మార్చేశాడు.

మెల్‌బోర్న్ అంటే మనకు క్రికెట్టే గుర్తొస్తుంది. అక్కడివాళ్లకు చలికాలం వచ్చిందంటే ‘ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాలే’ లోకం. కోలగా ఉండే మైదానం, కోలగా ఉండే బంతి, జట్టుకు 18 మంది. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు. నడిమి స్తంభాల మధ్య నుంచి తంతే గోల్... 6 పాయింట్లు. పక్కకు పోతే ‘బిహైండ్’... ఒక్కటే పాయింటు. డీకన్‌ది సెంటర్ హాఫ్‌బ్యాక్ స్థానం. అవతలి జట్టు దాడి సరిగ్గా మధ్యలోంచి వస్తుంటే అడ్డుకోవడం అతని పని.

యుద్ధంలో ఆట

ప్రెస్టన్ క్లబ్ నుంచి వచ్చి కార్ల్‌టన్ జట్టులో చేరింది 1942లో. అప్పటికి రెండో ప్రపంచయుద్ధం జోరుగా సాగుతోంది. ఎందరో ఆటగాళ్లు సైన్యంలో చేరారు. ప్రయాణాలపై ఆంక్షలతో జీలాంగ్ జట్టు రెండు సీజన్లు ఆటకే దూరమైంది. ప్రఖ్యాత మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ సైనిక దళాల విడిది అయింది.

అందుకే 1945 ఫైనల్ కార్ల్‌టన్ సొంత మైదానం ప్రిన్సెస్ పార్క్‌లో జరిగింది. యుద్ధం ముగిసి నెలైనా కాలేదు. కిక్కిరిసిన జనం, చిత్తడి నేల, పిడిగుద్దులు... సౌత్ మెల్‌బోర్న్‌పై కార్ల్‌టన్ 28 పాయింట్లతో గెలిచింది కానీ, ఆ మ్యాచ్‌కు ‘బ్లడ్‌బాత్’ అన్న పేరు స్థిరపడిపోయింది. ఒక ఆటగాడిపై ఏకంగా 21 మ్యాచ్‌ల నిషేధం పడింది. శిక్షలు పడ్డవారి జాబితాలో డీకన్ పేరు లేదు.

రెండేళ్లకే అందలం

ఆ సంయమనానికి విలువ 1947లో తెలిసింది. ఆ ఏడాది బ్రౌన్‌లో పతకం డీకన్‌ను వరించింది. ప్రతి మ్యాచ్ తర్వాత అంపైర్లు వేసే ఓట్లతో, బాగా ఆడటమే కాక మర్యాదగానూ ఆడేవారికి ఇచ్చే పురస్కారమది. నిషేధానికి గురైనవారు అనర్హులు. కార్ల్‌టన్ ఆటగాడు దాన్ని గెలవడం అదే తొలిసారి.

అదే ఏడాది ఫైనల్లో ఎసెండన్ 30 సార్లు స్కోరు చేసింది. కానీ గోల్స్ 11 మాత్రమే... 19 బిహైండ్లు! కార్ల్‌టన్ 21 సార్లే స్కోరు చేసినా 13 గోల్స్ కొట్టింది. ఫ్రెడ్ స్టాఫర్డ్ చివరి క్షణాల్లో కొట్టిన గోల్‌తో ఒక్క పాయింటు తేడాతో కప్పు ఎగరేసుకుపోయింది.

1951 వరకూ కార్ల్‌టన్‌కు 106 మ్యాచ్‌లాడిన డీకన్, తర్వాత క్లబ్ కార్యదర్శిగానూ పనిచేశాడు. ఆ పదవిలో ఉండగానే 1974లో కన్నుమూశాడు. క్లబ్ ‘శతాబ్దపు జట్టు’లో సెంటర్ హాఫ్‌బ్యాక్ స్థానం ఆయనదే. తర్వాత జాన్ జేమ్స్ నుంచి ప్యాట్రిక్ క్రిప్స్ దాకా బ్రౌన్‌లో గెలిచిన కార్ల్‌టన్ ఆటగాళ్లు ఎందరో. ఆ వరుసలో మొదటి పేరు మాత్రం ఓ డిఫెండర్‌ది!