కళ్లెదుటే మాయమయ్యే సైకిల్

దక్షిణ ఇంగ్లండ్‌లోని న్యూ ఫారెస్ట్ ప్రాంతంలో ఇప్లీ క్రాస్ అనే నాలుగు రోడ్ల కూడలి ఉంది. పేరుకు ఫారెస్టే గానీ ఆ కూడలి చుట్టూ ఉన్నది విశాలమైన బయలు. మేడలు లేవు, ప్రహరీలు లేవు. ఒక రోడ్డు మీద వచ్చేవాళ్లకు రెండో రోడ్డు చాలా దూరం కనిపిస్తూనే ఉంటుంది. అలాంటి చోట 2011లో ఒకరు, 2016లో మరొకరు సైకిల్ మీద వెళ్తూ కారు ఢీకొని చనిపోయారు. రెండుసార్లూ ఆగి దారి ఇవ్వాల్సింది కారే.

అంత బయల్లో సైకిల్ కనపడకపోవడం ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. డ్రైవర్ బాధ్యత ఎక్కడికీ పోదు. కానీ రోజూ సైకిల్ మీద పనికి వెళ్లేవాళ్లంతా తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. తప్పుకుపోయే సైకిలైతే డ్రైవర్ కంటికి బాగానే ఆనుతుంది. సరిగ్గా ఢీకొనే లెక్కలో వస్తున్న సైకిలే ఆనదు.

లెక్క వేసి చూద్దాం. రెండు రోడ్లు లంబకోణంలో కలుస్తున్నాయి అనుకుందాం. కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 16.7 మీటర్ల చొప్పున వస్తోంది. దాని కుడివైపు రోడ్డు మీద సైకిల్ గంటకు 20 కిలోమీటర్ల వేగంతో, సెకనుకు 5.6 మీటర్ల చొప్పున వస్తోంది. రెండూ ఒకే క్షణంలో కూడలి మధ్యకు చేరతాయి. ఆ క్షణానికి ఆరు సెకన్ల ముందు కారు 100 మీటర్ల దూరంలో, సైకిల్ 33 మీటర్ల దూరంలో ఉంటాయి. మూడు సెకన్ల ముందు 50, 17. రెండు సెకన్ల ముందు 33, 11. ఎప్పుడు చూసినా మూడుకు ఒకటి. కాబట్టి డ్రైవర్‌కు సైకిల్ మొదటి నుంచి చివరిదాకా ఒకే దిక్కున, ముక్కుసూటికి 18 డిగ్రీలు కుడికి కనిపిస్తుంది. ఆ కోణం మారనే మారదు.

ఓడలు నడిపేవాళ్లకు ఇది పాత పాఠం. ఓడలు ఢీకొనకుండా 1972లో చేసుకున్న అంతర్జాతీయ నియమాల్లో ఏడోది ఇదే చెబుతుంది: దగ్గరికొస్తున్న ఓడ దిక్కు దిక్సూచిలో చెప్పుకోదగినంత మారకపోతే ప్రమాదం ఉన్నట్టే లెక్క. ఓడ మీద కొలిచి చూసుకునే తీరిక ఉంటుంది. కారులో ఉన్నది కన్ను ఒక్కటే. ఆ కంటికి స్పష్టంగా కనిపించేది చూపు నడిమధ్యన రెండు డిగ్రీల మేర, చేయి చాచి చూస్తే బొటనవేలి వెడల్పంత. మిగతాదంతా మసక. ఆ మసకలో మన దృష్టిని లాగేది కదలిక. అద్దం మీద ఒకేచోట నిలిచిపోయిన చిన్న మచ్చ కదులుతున్నట్టే అనిపించదు.

దగ్గరికొచ్చే కొద్దీ పెద్దదవుతుంది కదా అనవచ్చు. అవుతుంది, కానీ ఆలస్యంగా. దూరం సగమైతే కంటికి కనిపించే సైజు రెట్టింపవుతుంది. ఆరో సెకను నుంచి మూడో సెకను వచ్చేసరికి ఒకసారి రెట్టింపు. మరో ఒకటిన్నర సెకన్లకు ఇంకోసారి. ఆ తర్వాత ముప్పావు సెకనుకే మళ్లీ. పెరగడమంతా చివర్లోనే, ఇక చేయడానికి ఏమీ మిగలనప్పుడు.

దీనికి తోడు కారు కట్టుబడి. ముందు అద్దానికి రెండు పక్కలా టాపును మోసే ఏ-పిల్లర్లు ఉంటాయి. కారు బోల్తా పడినా టాపు నలిగిపోకుండా ఉండాలని వీటిని మందంగా చేస్తారు. పిల్లర్ వెడల్పు 10 సెంటీమీటర్లు, కంటికి 70 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. ఒక కంటికి మరుగైనది రెండో కంటికి కొంత దొరుకుతుంది. కానీ కళ్ల మధ్య దూరం ఆరున్నర సెంటీమీటర్లే. అది తీసేసినా, 50 మీటర్ల దూరంలో రెండు కళ్లకూ దొరకని మేర దాదాపు రెండున్నర మీటర్లు. సైకిల్ పొడవు రెండు మీటర్లు కూడా ఉండదు. సీటు ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి పిల్లర్ పడే దిక్కు మారుతుంది. అది ఆ 18 డిగ్రీల దగ్గరే పడిందంటే సైకిలూ మనిషీ మొత్తం దాని వెనకే, దాదాపు చివరిదాకా. ఇది చదువుతున్నవాళ్లలో కారు నడిపేవాళ్లుంటే, కూడలి దగ్గర తలను ఒక జానెడు ముందుకీ వెనక్కీ జరిపి చూడండి. పిల్లర్ వెనక ఉన్నది బయటపడుతుంది.

ఇప్పుడు బ్రేకుల సంగతి. ప్రమాదం గుర్తించి బ్రేకు మీదకు కాలు వెళ్లడానికి ఒక సెకను పట్టిందనుకుందాం. పొడి రోడ్డు మీద 60లో వస్తున్న కారు పూర్తిగా ఆగడానికి దాదాపు 37 మీటర్లు కావాలి. 20లో వస్తున్న సైకిల్‌కు 11 మీటర్లు చాలు. పైన చెప్పిన అంకెలు గుర్తు చేసుకోండి: రెండు సెకన్ల ముందు కారు 33 మీటర్ల దూరంలో, సైకిల్ 11 మీటర్ల దూరంలో. అంటే కారుకు ఆగే అవకాశం అప్పటికే దాటిపోయింది. సైకిల్‌కు అదే ఆఖరి అవకాశం. ఈ భారం సైకిల్ మీద పడడం న్యాయం కాదు, అయినా లెక్క మాత్రం అలాగే ఉంది.

అందుకే కూడలి ఇంకా 30, 40 మీటర్లు ఉండగానే ఆ లెక్కను చెడగొట్టాలి. దిక్కు మారనందువల్ల కనపడడం లేదు కనుక దిక్కు మార్చాలి. ఆరో సెకను దగ్గర బ్రేకు నొక్కి వేగాన్ని 20 నుంచి 15కు దించారనుకోండి. మూడో సెకనుకు మీరు 17 మీటర్ల దూరంలో కాక 21 మీటర్ల దూరంలో ఉంటారు. డ్రైవర్ చూసే కోణం 18 నుంచి 22 డిగ్రీలు దాటుతుంది. ఇందాకటి పిల్లర్ రెండు కళ్లకూ మూసేది మూడు డిగ్రీల లోపే, కాబట్టి మీరు దాని చాటు నుంచి బయటికొస్తారు. పైగా అద్దం మీద కదులుతారు. మీ వైపు నుంచీ అదే పరీక్ష: పక్క రోడ్డు మీద వస్తున్న కారు మీకు ఒకే దిక్కున నిలిచిపోయినట్టు కనిపిస్తుంటే అది మీ మీదికే వస్తోంది.

లైటు కూడా పనికొస్తుంది, పగలైనా సరే. డెన్మార్క్‌లోని ఓడెన్స్ నగరంలో వేలమంది మీద జరిపిన అధ్యయనంలో, పగలూ రాత్రీ వెలిగే లైట్లు బిగించుకున్నవాళ్లకు గాయాలయ్యే ప్రమాదాలు 19 శాతం తక్కువగా తేలాయి.

పక్క సందులోంచి కారు మూతి బయటపెట్టి ఆగినప్పుడు చాలామంది డ్రైవర్ ముఖం చూస్తారు. అద్దం మీద ఎండ పడితే ముఖం కనపడదు, కనపడినా అతను చూసింది మిమ్మల్నేనన్న నమ్మకం లేదు. ముందు చక్రం చూడండి. దొర్లుతున్న చక్రంలో నేలను తాకే చోటు ఆ క్షణానికి నిశ్చలంగా ఉంటుంది, పైఅంచు మాత్రం కారు వేగానికి రెట్టింపు వేగంతో కదులుతుంది. కారు పాకడం మొదలుపెట్టిన సంగతి ముందుగా బయటపెట్టేది ఆ పైఅంచే.

రాంగ్ రూట్‌లో వెళ్లేవాళ్ల ముప్పు వేరే రకం. హెల్సింకీలో హైకీ సుమ్మాలా బృందం 1996లో ప్రచురించిన పరిశోధనలో, కుడికి తిరిగే డ్రైవర్లు ఎడమవైపు నుంచి వచ్చే కార్ల మీదే చూపు పెట్టి, కుడివైపు నుంచి వచ్చే సైకిళ్లను పట్టించుకోవడం లేదని తేలింది. ఫిన్లాండ్‌లో బండ్లు కుడివైపు నడుస్తాయి. మనకు తిప్పి చదువుకోవాలి: సందులోంచి ఎడమకు తిరిగే మన డ్రైవర్ కుడికే చూస్తాడు. యూటర్న్ దూరమని రాంగ్ రూట్‌లో వచ్చే సైకిల్ అతనికి ఎడమ నుంచి వస్తుంది.

హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా నాకు అన్నిటికన్నా భయం వేసేది ఎడమకు తిరిగే బస్సు, టిప్పర్. మలుపులో వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ముందు, వెనక ఇరుసుల మధ్య ఆరు మీటర్లున్న బస్సు, ముందు ఇరుసు 10 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతుంటే వెనక ఇరుసు 8 మీటర్ల వ్యాసార్ధంలోకి లాగుతుంది. పైథాగరస్ లెక్కే: ఆరు, ఎనిమిది, పది. అంటే రెండు మీటర్లదాకా లోపలికి. సిగ్నల్ దగ్గర బస్సు పక్కన ఖాళీగా కనిపించే సందు వెడల్పు అంతకన్నా తక్కువే. ఆ సందులోకి దూరకండి, బస్సు వెనకే ఆగండి. మీరు నేరుగా వెళ్లాలంటే, ఫ్రీ లెఫ్ట్ ఉన్నచోట ముందుగానే వెనక్కి తిరిగి చూసుకుని, చెయ్యి చూపించి, నేరుగా వెళ్లే వరుస మధ్యలోకి జరగండి. అంచునే అంటిపెట్టుకుంటే ఎడమకు తిరిగే ప్రతి బండీ మీ దారిని కోస్తుంది.

కుడికి తిరగాలంటే రద్దీ మధ్యలోకి వెళ్లి నిలబడనక్కర్లేదు. డెన్మార్క్‌లో చేసినట్టు రెండు విడతల్లో తిరగవచ్చు: ముందు సిగ్నల్ మీద నేరుగా అవతలి మూలకు చేరి, అక్కడ సైకిల్ తిప్పుకుని, రెండో సిగ్నల్ పడ్డాక దాటడం. నెదర్లాండ్స్‌లో కూడలినే సైకిళ్లకు తగ్గట్టు కడతారు. మూల దగ్గర చిన్న రాతి దిమ్మె కట్టి కారు మెల్లగా, ఇరుకుగా తిరిగేలా చేస్తారు. సైకిల్ దారిని కూడలి నుంచి ఒక కారు పొడవంత వెనక్కి జరుపుతారు. కారు తిరగడం పూర్తయ్యేసరికి డ్రైవర్‌కు సైకిల్ పిల్లర్ చాటునో పక్క అద్దంలోనో కాక, ముందు అద్దంలో ఎదురుగా అడ్డంగా కదులుతూ కనిపిస్తుంది. మన దగ్గర ఫ్రీ లెఫ్ట్ కోసం మూలలను వెడల్పుగా కోసినచోటల్లా బండి వేగం తగ్గించకుండానే తిరిగిపోతుంది.