మీకు తెలుసా? ‘టి’ పక్కన ‘హెచ్’ ఏ ఊరి గుర్తు?

పెళ్లి సంబంధాల వెబ్‌సైట్‌లో గానీ డేటింగ్ యాప్‌లో గానీ ఒక్కో ప్రొఫైల్ మీద మన చూపు నిలిచేది కొద్ది క్షణాలే. ఫొటో, వయసు, ఉద్యోగం, ఆ కింద తన గురించి తాను రాసుకున్న నాలుగు వాక్యాలు. ఆ వాక్యాల్లో స్పెల్లింగ్ తప్పితే చదివేవాళ్ల మనసులో ఏం జరుగుతుందో నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్షించి చూశారని మీకు తెలుసా? ఒకే ప్రొఫైల్‌ను తప్పుల్లేకుండా కొందరికి, తప్పులతో మరికొందరికి చూపించారు. ఆ ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. తప్పుల్ని గమనించినవాళ్లకు ఆ మనిషి మీద ఆకర్షణ తగ్గింది. గమనించనివాళ్లకు ఏ తేడా లేదు. తప్పులన్నిటికీ ఒకటే శిక్ష పడలేదన్నది ఇంకా ముఖ్యమైన సంగతి. వేలు జారి ఒక అక్షరం బదులు మరొకటి పడితే, ‘ఈ మనిషికి శ్రద్ధ తక్కువ’ అనుకున్నారు. వ్యాకరణ నియమం తెలియక చేసిన తప్పు కనిపిస్తే, ‘తెలివి తక్కువ’ అనుకున్నారు.

ఈ రెండో తీర్పు దగ్గరే నాకు పేచీ ఉంది. అది ఎందుకో చెప్పడానికి మిమ్మల్ని ఉసూరు దాకా తీసుకెళ్లాలి.

ఉసూరు ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో ఉంది, బస్తర్ దక్షిణపు అంచున. 2007లో దంతెవాడ నుంచి విడదీసి ఈ జిల్లాను ఏర్పాటు చేశారు. ఉసూరుకు దక్షిణాన కర్రెగుట్టలు, అవి దాటితే మన ములుగు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలు. ఈ బ్లాకులోనే ఉన్న పామేడుకు ఏళ్ల తరబడి చెర్ల మీదుగా, అంటే తెలంగాణ వైపు నుంచే దారి ఉండేది. ఆవపల్లి, నడపల్లి అని ఊళ్ల పేర్ల చివర మన ‘పల్లి’ వినిపిస్తూనే ఉంటుంది. ఇక్కడి దోర్లా కుటుంబాల్లో మాట్లాడే దోర్లీ గోండి-కోయ పలుకుల్లో ఒకటి, తెలుగుతో బాగా కలిసిపోయినది. సంతలో తెలుగు నడుస్తుంది, హల్బీ నడుస్తుంది, బడిలో హిందీ ఉంటుంది. ఇన్ని భాషలున్న ఈ ఊరి పేరును ఇంగ్లీషులో ఎలా రాయాలో కూడా ఒక్క తీరు లేదు. కొన్ని కాగితాల్లో నడుమ ఒక్క ‘యు’ ఉంటుంది, కొన్నింట్లో రెండు ‘ఓ’లు ఉంటాయి. ఆవపల్లిలో కొందరు ‘వి’ పెడతారు, కొందరు ‘డబ్ల్యూ’ పెడతారు. ఈ రెండిట్లో ఏది తప్పు?

ఇప్పుడు ఇద్దరు అన్నదమ్ముల పిల్లల్ని ఊహించుకోండి. 2005లో మావోయిస్టులకు ఎదురుగా సల్వాజుడుం మొదలయ్యాక ఇక్కడ ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి, బడులు మూతపడ్డాయి. కొన్ని కుటుంబాలు గోదావరి వైపు అడవుల్లోకి వచ్చి గుడిసెలు వేసుకున్నాయి. మనవాళ్లు వాళ్లను గొత్తికోయలు అంటారు. అన్న కూతురు ఇక్కడే ఉండిపోయి, వెదురుతో కట్టిన ‘పోటా క్యాబిన్’ ఆవాస బడిలో దేవనాగరి దిద్దుకుంది అనుకుందాం. తమ్ముడి కూతురు చెర్ల దగ్గర తెలుగు బడికి వెళ్లింది. ఇద్దరి పేరూ లతే. రేపు ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో పేరు కొట్టాల్సి వస్తే ఏం చేస్తారు?

హిందీ బడి పిల్ల ‘టి’ ఒక్కటే పెడుతుంది, లతా మంగేష్కర్ పేరు రాసినట్టు. తెలుగు బడి పిల్ల ‘టి’ పక్కన ‘హెచ్’ కూడా పెడుతుంది. మనకు ‘త’ వేరు, ‘ట’ వేరు. ఆ తేడా చూపించాలని దక్షిణాదిలో ‘త’కు ‘హెచ్’ చేర్చుకున్నాం. ఉత్తరాదిలో ఆ ‘హెచ్’ను ‘థ’ కోసం దాచుకున్నారు. అందుకే మన సుజాత పేరు ఢిల్లీలో ‘సుజాథా’ అవుతుంది. మన గీతను వాళ్లు ‘గీథా’ అని చదివి, ఈవిడకు తన పేరే రాయడం రాదా అనుకునే వీలుంది. వాళ్ల ‘లటా’ను చూసి మనమూ అలాగే అనుకోవచ్చు. ఒక్క ఇంటి పిల్లలిద్దరిలో తెలివి హెచ్చుతగ్గులేమీ లేవు. ఏ గుట్ట ఏ వైపున బడి దొరికిందన్నదే తేడా. 2011 జనాభా లెక్కల్లో బీజాపూర్ జిల్లా అక్షరాస్యత 41 శాతం దగ్గర ఉంది. ఆ జిల్లాలో పుట్టి, ఏదో ఒక లిపిలో తన పేరు తాను రాసుకోగలగడం వెనుక ఎంత దూరం నడిచిన కాళ్లున్నాయో ప్రొఫైల్ చూసేవాళ్లకు కనిపించదు.

ఇక ఒత్తుల సంగతి. ‘భోజనం’ అని రాయాల్సిన చోట ‘బోజనం’, ‘ధనం’ బదులు ‘దనం’ రాసేవాళ్లను మనం ఎంత తొందరగా తక్కువ చేస్తామో! అయితే ద్రావిడ భాషల అసలు పలుకులో ఒత్తక్షరాలే లేవని మీకు తెలుసా? ఖ, ఘ, ఛ, ఝ, థ, ధ, ఫ, భ, ఇవన్నీ సంస్కృత ప్రాకృతాల వెంట మన అక్షరమాలలోకి వచ్చాయి. రాతలో కుదురుకున్నాయి గానీ నాలుక మీద పూర్తిగా కుదురుకోలేదు. పొలం గట్టున ‘బూమి’ అన్నవాడు తప్పు పలకడం లేదు, తన తాతల నోటి అలవాటు ప్రకారం పలుకుతున్నాడు. అదే మాటను విన్నది విన్నట్టు రాస్తే పరీక్షలో ఎర్రసిరా పడుతుంది.

ఈ లెక్కలో ఉసూరు మనకు ఎంత దగ్గరో భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి చూపించారు. ద్రావిడ భాషలను ఆయన శాఖలుగా విడదీసినప్పుడు తెలుగు, తమిళ కన్నడాల పక్కన పడలేదు. గోండి, కొండ, కువి, కుయి, పెంగో, మండ భాషలతో కలిసి దక్షిణ-మధ్య శాఖలో చేరింది. గోండిలో రెండు ‘రండ్’, మూడు ‘మూండ్’, నాలుగు ‘నాలుంగ్’. నీళ్లను ‘ఏర్’ అంటారు, మనం నీళ్లు పారేదాన్ని ‘ఏరు’ అంటాం. అంటే దోర్లీ మాట్లాడే అమ్మాయి మనకు చుట్టం వరసే. హిందీ పాఠంలో ఆమె ఒత్తు వదిలేస్తే, ఆ తప్పు మన పల్లెల్లో పిల్లలు తెలుగు పాఠంలో వదిలేసిన ఒత్తుకు తోబుట్టువే.

బాగా చదువుకున్నవాళ్లకూ ఒత్తు ఎక్కడ పెట్టాలో తికమక ఉంటుంది. ‘నాకు అర్ధమైంది’ అని ఎంతమంది రాయడం చూశామో! ‘ధ’ పెడితే అది సగం. భావానికైతే ‘థ’ ఉండాలి. డాక్టరేట్లున్నవాళ్ల వ్యాసాల్లోనూ ఈ సగం నాకు కనిపిస్తుంది. వాళ్ల తెలివిని ఎవరూ శంకించరు, శంకించాల్సిన పనీ లేదు.

స్పెల్లింగ్‌కీ తెలివికీ సంబంధం ఏమీ లేదని నేను అనడం లేదు. బాగా చదివేవాళ్లు సాధారణంగా తప్పుల్లేకుండా రాస్తారు. బాగా చదవాలంటే పుస్తకం ఉండాలి, చదివే తీరిక ఉండాలి, ఇంట్లో మాట్లాడే భాషలోనే ఆ పుస్తకం ఉంటే మరీ మంచిది. ఈ మూడూ ఉన్నవాడి రాతనూ ఏదీ లేనివాడి రాతనూ పక్కపక్కన పెట్టి తెలివి కొలిస్తే ఆ కొలత నిలవదు.

పైగా ఏ భాష స్పెల్లింగ్ అన్నది చూడాలి. ఫిలిప్ సీమర్, ఆయన సహ పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో యూరప్‌లోని 13 భాషల పిల్లలను పోల్చారు. మొదటి తరగతి ముగిసేసరికి చాలా భాషల పిల్లలు తెలిసిన మాటలను దాదాపు తప్పుల్లేకుండా చదివేశారు. ఇంగ్లీషులో చదువుకునే స్కాట్లండ్ పిల్లలు సరిగ్గా చదవగలిగింది 34 శాతమే. అది పిల్లల లోపం కాదు. రాసినట్టు పలకని, పలికినట్టు రాయని స్పెల్లింగే అంత కష్టం. మన గుణింతం నేర్చుకోవడానికి మొదట్లో ఎక్కువ రోజులు పడుతుంది, పట్టుబడ్డాక తెలియని మాటనైనా చదివేస్తాం. ఇంగ్లీషులో పుట్టి పెరిగిన పిల్లలకే అంత అవస్థ అయితే, దోర్లీ తర్వాత హిందీ, హిందీ తర్వాత ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల సంగతి చెప్పాలా?

తన పేరే తప్పు రాసుకున్న ఒక తెలివైన కుర్రవాడి గురించి మీకు తెలుసా? ఇంగ్లండ్‌లో ప్రింగిల్ మోర్గన్ అనే వైద్యుడు 1896 నవంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అతడి గురించి రాశాడు. అబ్బాయి పేరు పెర్సీ, వయసు 14. ఏళ్ల తరబడి బడికి వెళ్లినా చదవడం రాలేదు. తన పేరులో రెండక్షరాలు అటూ ఇటూ మార్చి ‘ప్రెసీ’ అని రాశాడు, రాసింది తప్పని అతడికి తెలియనే లేదు. అంకెలు మాత్రం గబగబా చదివేవాడు, లెక్కలంటే ఇష్టం. పాఠాలన్నీ నోటితోనే చెబితే బడిలో అందరికంటే చురుకైనవాడు ఇతడే అవుతాడని పాఠం చెప్పిన ఉపాధ్యాయుడే అన్నాడు. అప్పట్లో మోర్గన్ దీన్ని పుట్టుకతో వచ్చిన పదాంధత్వం అన్నాడు, ఇప్పుడు డిస్లెక్సియా అంటున్నాం. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన వైకల్యాలను గుర్తించింది. పెళ్లి ప్రొఫైల్ చూసేవాళ్లలో ఎంతమందికి ఇది గుర్తుంటుందో! పెర్సీలు మన ఇళ్లల్లోనూ ఉన్నారు. ‘మొద్దు’ అనిపించుకుని పెరిగి, ఇప్పుడు పెద్దవాళ్లై, తమ గురించి నాలుగు వాక్యాలు రాయడానికి భయపడుతున్నారు.

రాతను బట్టి మనిషిని కొలవడం మనకు యాప్‌లతో రాలేదు. పెళ్లిచూపుల్లో అమ్మాయి చేత పాట పాడించినట్టే సంతకం పెట్టించిన ఇళ్లున్నాయి. 1892లో మొదటిసారి ప్రదర్శించి, 1897లో అచ్చువేసిన కన్యాశుల్కంలో గిరీశం తెలివిగలవాడిగా చెలామణి అయింది ఇంగ్లీషు దంచడం వల్లే. ఆ భాషకు లొంగిపోయినవాళ్లు అతడి నిజాయితీ గురించి అడగనేలేదు. ఇప్పుడు పెళ్లి సైట్ల మోసాల్లోనూ అంతే. తప్పుల్లేని ఇంగ్లీషు రాసి డబ్బు అడిగితే ముందు 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల సహాయ నంబరు.

 

ఒప్పు, తప్పు అని గీత గీసేది ఎవరన్న ప్రశ్న తెలుగువాళ్లకు కొత్త కాదు. జనం మాట్లాడే తెలుగును రాస్తే తప్పన్న రోజుల్లో గిడుగు రామమూర్తి పంతులుగారు ఎదురు నిలిచారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. పర్లాకిమిడిలో ఉంటూ ఆయన సవర గిరిజనుల భాష నేర్చుకున్నారనీ, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని వాచకాలు తయారుచేశారనీ ఎంతమందికి గుర్తుంది? 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. నా దృష్టిలో వాడుక తెలుగు కోసం నిలవడం, సవర కోసం పాటుపడటం, ఆ రెండూ ఒకటే పని.

సవరలాగే రాత లేదనుకునే గోండికీ సొంత లిపులున్నాయి. మంగళ్ సింగ్ మసరాం 1918లో ఒకటి తయారుచేశారు. మన ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో పాత రాతప్రతుల్లో మరొకటి బయటపడింది. ప్రపంచంలోని ఫోన్లన్నీ ఒకే తీరున అక్షరాలను గుర్తుపట్టే యూనికోడ్ పట్టికలో మసరాం లిపి 2017లో, గుంజాల లిపి 2018లో చేరాయి.

మరి ఈ లిపులు చేరని, రాత లేని చోట ప్రేమ కబురు ఎలా వెళ్లేది? ఉసూరుకు బాగా ఉత్తరాన, నారాయణ్‌పూర్, కొండగావ్ వైపు మురియా తెగ కుర్రవాళ్లు, యువతీయువకులు కలిసే ఘోటుల్ అనే ఇంట్లో తమకు నచ్చిన అమ్మాయికి చెక్కదువ్వెన చేసి ఇచ్చేవారు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1947లో అచ్చువేసిన మురియాల పుస్తకంలో ఆ దువ్వెనల గురించి వివరంగా రాశాడు. పళ్లు సమానంగా తీయాలి, పైన నగిషీ చెక్కాలి, అందుకు రోజుల తరబడి ఓపిక కావాలి. అబ్బాయి చేతి నేర్పు, మనసు నిలకడ అమ్మాయి జడలో కనిపించేవి.

చివరగా ఇంకొకటి. 2010లో శుభ్రాంశు చౌదరి మొదలుపెట్టిన సీజీనెట్ స్వర అనే ఏర్పాటు గురించి విన్నారా? ఒక నంబరుకు ఫోన్ చేస్తే తిరిగి ఫోన్ వస్తుంది. రేషన్ రాలేదనో, బడికి పంతులు లేడనో, లేదా ఒక పాటనో మన గొంతుతో చెప్పి వదిలేయొచ్చు. గోండిలో చెప్పినా సరే. మామూలు బటన్ల ఫోన్ చాలు. ఇప్పుడు వాట్సాప్‌లోనూ గొంతు పంపించుకుంటున్నాం, కొన్ని డేటింగ్ యాప్‌లు ప్రొఫైల్‌లోనే గొంతు వినిపించే వీలు కల్పించాయి. ఉసూరులో ఉండిపోయిన లత తన ఊరి పేరు గొంతుతో చెప్పినప్పుడు చివరి దీర్ఘం ఎంతసేపు సాగిందో చెవికి తెలిసిపోతుంది. అక్కడ ఒక్క ‘యు’ పెట్టాలా, రెండు ‘ఓ’లు పెట్టాలా అని ఎవరూ అడగరు.