సూత్రం లేదని తేల్చిన పేదింటి కుర్రాడు

ఇంటి స్థలం పొడవు వెడల్పు కంటే 5 గజాలు ఎక్కువ. విస్తీర్ణం 84 చదరపు గజాలు. వెడల్పు ఎంత? పదో తరగతి పిల్లవాడు వర్గ సమీకరణం వేసి 7 గజాలని చెప్పేస్తాడు. దానికో సూత్రం ఉంది. అంకెలు వేస్తే చాలు, జవాబు వస్తుంది.

మూడు, నాలుగు ఘాతాల సమీకరణాలకూ ఇటలీ పండితులు సూత్రాలు కనిపెట్టారు. 1545లో కార్డానో గ్రంథంలో అవి అచ్చయ్యాయి. మరి అయిదో ఘాతానికి? దాదాపు 280 ఏళ్లు మహామహులే తలలు పట్టుకున్నారు.

ఈ ముడి విప్పినవాడు నార్వే దేశపు నీల్స్ హెన్రిక్ అబెల్. 1802లో పుట్టాడు. తండ్రి చర్చి పాస్టరు. 1820లో ఆయన కన్నుమూయడంతో 18 ఏళ్లయినా నిండని అబెల్ మీద సంసార భారం పడింది. లెక్కల మాస్టారు హోంబో, మరికొందరు ప్రొఫెసర్లు సొంత డబ్బుతో అతణ్ణి చదివించారు.

బడిలో ఉండగానే సూత్రం దొరికిందనుకున్నాడు అబెల్. కోపెన్‌హాగన్ ప్రొఫెసర్ డెగెన్ దానితో ఒక లెక్క చేసి చూపమన్నారు. చేయబోతే తప్పు బయటపడింది. అబెల్ దాన్ని దాచుకోలేదు. అసలు అలాంటి సూత్రం ఉందా అని ఆలోచించాడు.

1824లో తేల్చేశాడు: లేదు! కూడికలు, తీసివేతలు, గుణకారాలు, భాగహారాలు, మూలాలతో అయిదో ఘాత సమీకరణాలన్నిటినీ సాధించే సూత్రం ఉండదు. జవాబులుంటాయి, అన్నిటికీ పనికొచ్చే సూత్రమే ఉండదు. ఈ నిరూపణను సొంత ఖర్చుతో అచ్చు వేయించాడు. డబ్బు చాలక ఆరు పేజీలకు కుదించాడు. అది చాలామందికి కొరుకుడు పడలేదు.

స్థిరమైన ఉద్యోగం దొరకకుండానే 1829 ఏప్రిల్ 6న, 26 ఏళ్ల వయసులో, అబెల్ క్షయతో మరణించాడు. బెర్లిన్‌లో ఉద్యోగం ఖాయమైందంటూ మిత్రుడు క్రెల్లే ఉత్తరం రాసింది ఆ తర్వాత రెండు రోజులకు!

ఏ సమీకరణం సూత్రానికి లొంగుతుందో, ఏది లొంగదో గుర్తించే దారి చూపినవాడు ఫ్రాన్సు యువకుడు గాల్వా. 1832లో ద్వంద్వ యుద్ధంలో తుపాకి గుండు తగిలి 20 ఏళ్లకే పోయాడు. అతని కాగితాలు 1846లో అచ్చయ్యాయి. కిరాణా కొట్టులో అంటించిన క్యూఆర్ కోడ్ కాస్త చెరిగినా ఫోను చదవగలుగుతోందంటే, అందులో గాల్వా లెక్కలున్నాయి.

బతికుండగా కొలువు దొరకని అబెల్ పేరిట నార్వే 2003 నుంచి గణితంలో అంతర్జాతీయ బహుమతి ఇస్తోంది. 2007లో దాన్ని అందుకున్నది చెన్నైలో పుట్టిన వరదన్.