నూటికి ఇరవై ఆరంటే సినిమా పోయినట్టేనా?

2004 ఆగస్టులో ‘ది ప్రిన్సెస్ డైరీస్ 2: రాయల్ ఎంగేజ్‌మెంట్’ అనే హాలీవుడ్ సినిమా వచ్చింది. జెనోవియా అనే ఊహా రాజ్యంలో మియా అనే రాకుమారి పట్టాభిషేకానికి సిద్ధమవుతుంది. ఇంతలో ఓ పాత చట్టం అడ్డం వస్తుంది: ముప్పై రోజుల్లో పెళ్లి చేసుకుంటేనే సింహాసనం. పెళ్లి ఒకరితో కుదురుతుంది, మనసు ఇంకొకరి మీదికి పోతుంది. ఆ ఇంకొకరేమో అదే సింహాసనానికి పోటీదారు. పక్కనే నాయనమ్మ, మహారాణి. విజయావారి ‘పాతాళభైరవి’, ‘జగదేకవీరుని కథ’ చూసి పెరిగిన ఇళ్లలో ఈ కథను విడమర్చి చెప్పాల్సిన పనే లేదు.

ఈ సినిమాకు రాటెన్ టొమాటోస్ అనే సైటులో విమర్శకుల లెక్క నూటికి 26 దగ్గర ఉంది. వసూళ్లు చూస్తే అమెరికా, కెనడాల్లోనే సుమారు 9.5 కోట్ల డాలర్లు. ఒకటేమో వెళ్లొద్దంటుంది, ఇంకోటి అంతమంది వెళ్లారుగా అంటుంది. పెదకాకానిలో సంక్రాంతికి గుంటూరు వెళ్లి ఏ ఆట చూడాలా అని ఫోను ముందేసుకుని కూర్చున్న ఇంటికీ ఇదే చిక్కు. అందుకే ఒక్కో అంకె ఎవర్ని అడిగి రాబట్టిందో, దేన్ని కొలుస్తుందో వరుసగా చూద్దాం.

ముందుగా ఆ 26. చాలామంది దాన్ని పరీక్షలో నూటికి వచ్చిన మార్కు అనుకుంటారు. అది మార్కు కాదు, తలల లెక్క. సమీక్ష రాసిన ప్రతి విమర్శకుడినీ ‘బాగుంది’ వైపో ‘బాగాలేదు’ వైపో వేసి, బాగుంది అన్నవాళ్లు నూటికి ఎందరో చెబుతారు. అరవై గానీ ఆపైన గానీ వస్తే పాసు కింద లెక్క. మిరప కోతలో సాలు వెంట వంగి కాయలు తెంపుతూ ఒకామె ‘ఎట్టా ఉందే సినిమా?’ అంటే పక్క సాలులోనామె ‘పర్లేదు, ఒకసారి చూడొచ్చు’ అంటుంది చూడండి, ఆ సైటు లెక్కలో అది పూర్తి ‘అవును’. పదికి మార్కులేసే ఐఎండీబీ లాంటి చోట ఆ మాటే ఆరు అవుతుంది.

ఈ తేడా ఎంత దూరం పోతుందో చూడండి. ఒక సినిమాకు అందరూ పదికి ఆరు వేశారు. ఇంకోదానికి సగం మంది తొమ్మిది, సగం మంది నాలుగు వేశారు. సగటు తీస్తే మొదటిది 6, రెండోది 6.5. కాబట్టి రెండోదే మేలనిపిస్తుంది. తలలు లెక్కపెడితే మొదటిది నూటికి నూరు, రెండోది యాభై. నలుగురితో కలిసి వెళ్లేటప్పుడు నేనైతే మొదటి సినిమానే ఎంచుకుంటాను. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

‘అయితే నూటికి 74 మంది విమర్శకులకు పర్లేదు అని కూడా అనిపించలేదనే కదా?’ అంటారా? నిజమే. ముగింపు ముందే తెలిసిపోయే కథ అని వాళ్లన్నదీ తప్పేం కాదు. సాధారణ ప్రేక్షకులూ నెత్తిన పెట్టుకోలేదు, ఐఎండీబీలో పదికి ఆరు దగ్గరే ఉంచారు. కాకపోతే ఏళ్ల తరబడి ఇలాంటి కథలే చూస్తూ వచ్చిన విమర్శకుడికి తెలిసిన ముగింపు విసుగు. పదేళ్ల పిల్లకు అదే కావలసిన ముగింపు. పైగా ఆ సినిమాలో మహారాణిగా వేసిన జూలీ ఆండ్రూస్‌కు 1997లో గొంతుకు ఆపరేషనై గాత్రం దెబ్బతింది. ఆ తర్వాత తెర మీద ఆమె మళ్లీ పాడింది ఈ సినిమాలోనే. ఆమె పాత పాటలు విని పెరిగిన వాళ్లకు ఆ కొద్ది నిమిషాలే టికెట్టు డబ్బుకు సరిపోతాయి. శాతంలో అది కనపడదు.

ఇక డబ్బు లెక్క. మొదటి భాగం 2001లో అమెరికా, కెనడాల్లో 10.8 కోట్ల డాలర్లు తెచ్చింది, రెండోది 9.5 కోట్లు. తగ్గింది నూటికి పన్నెండే కదా అనిపిస్తుంది. అయితే ఈ మూడేళ్లలో టికెట్టు ధర పెరిగింది. అక్కడ సగటు టికెట్టు 2001లో 5.66 డాలర్లు, 2004లో 6.21 డాలర్లు. వసూళ్లను ధరతో భాగిస్తే మొదటి భాగానికి దాదాపు 1.91 కోట్ల టికెట్లు, రెండోదానికి 1.53 కోట్లు. అంటే మొదటిదానికి ఐదు టికెట్లు తెగితే రెండోదానికి నాలుగే తెగాయి. పిల్లల టికెట్లు చవక కాబట్టి అసలు సంఖ్యలు ఇంకాస్త ఎక్కువే ఉండొచ్చు. రెండూ పిల్లల కోసం తీసినవే కాబట్టి నిష్పత్తి మాత్రం పెద్దగా మారదు.

ఆ ఐదో మనిషి ఎందుకు రాలేదు? సీక్వెల్ మీద ప్రేక్షకుల అభిప్రాయం చదివేటప్పుడు తప్పనిసరిగా గుర్తుంచుకోవలసిన సంగతి ఇది. ఒక ఉదాహరణ వేసుకుందాం. మొదటి భాగం నూరుమంది చూశారు. 70 మందికి నచ్చింది, 30 మందికి నచ్చలేదు. నచ్చనివాళ్లు రెండోదానికి రారు. నచ్చినవాళ్లలోనూ 60 మందే వచ్చారు, వాళ్లలో 45 మంది బాగుందన్నారు. శాతం కడితే 75. మొదటిదాని కన్నా ఐదు ఎక్కువ! నచ్చిన మనుషులేమో 70 నుంచి 45కు పడిపోయారు. మొదటి భాగం చూడని ఇల్లు ఆ 75ను నమ్ముకుని వెళితే, ముందే జల్లెడ పట్టిన వాళ్ల అభిప్రాయాన్ని తనకు అన్వయించుకున్నట్టే. మొదటి భాగం మీ ఇంట్లో అందరూ ఇష్టంగా చూశారా, అప్పుడు ఆ 75 మీకు చక్కగా పనికొస్తుంది.

మన సినిమాల్లో దీనికి దగ్గరి ఉదాహరణ ‘బంగార్రాజు’. రాజ్యం లేదు గానీ ఊరంతటికీ పెద్దదిక్కైన ఇల్లు, ఆ ఇంటి వారసుడి పెళ్లి, వెనక నిలబడి కథ నడిపించే పెద్దవాళ్లు ఉన్నారు. ‘సోగ్గాడే చిన్ని నాయనా’ 2016 జనవరి 15న వచ్చింది, దానికి కొనసాగింపుగా ‘బంగార్రాజు’ 2022 జనవరి 14న. దర్శకుడు కల్యాణ్ కృష్ణ కురసాల. నాగార్జున, రమ్యకృష్ణ రెండింటిలోనూ ఉన్నారు. రెండోదాంట్లో మనవడిగా నాగచైతన్య, అతనికి జోడీగా కృతిశెట్టి. మధ్యలో ఆరేళ్లు. మొదటిది చూసినప్పుడు పదేళ్ల పిల్లవాడు రెండోది వచ్చేసరికి పదహారేళ్లవాడు. అదే ఇల్లు, అదే నలుగురు, అభిరుచి మాత్రం ఇంకోటి.

ఈ సినిమా వసూళ్లను మనుషుల్లోకి మార్చబోతే పెద్ద చిక్కుంది. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 35తో టికెట్ల ధరలు కట్టడి చేసింది. గ్రామ పంచాయతీలో ఏసీ లేని హాల్లో 5, 10, 15 రూపాయలు. గుంటూరు లాంటి నగరపాలక సంస్థ పరిధిలో ఏసీ లేని హాల్లో 20, 40, 60, ఏసీ ఉంటే 40, 60, 100. వ్యవహారం కోర్టుకెక్కింది. 2022 మార్చిలో జీవో 13 వచ్చాక ధరలు మారాయి. ‘బంగార్రాజు’ ఈ రెండు జీవోల మధ్య, ధరల గొడవ నడుస్తుండగా విడుదలైంది. అదే సమయంలో తెలంగాణ మల్టీప్లెక్సుల్లో టికెట్టు 100 నుంచి 250 దాకా, పైన జీఎస్టీ. దానికితోడు విడుదలైన నాలుగు రోజులకే, జనవరి 18 నుంచి, కరోనా నిబంధనలతో ఆంధ్రప్రదేశ్‌లో హాళ్లు సగం సీట్లతో నడిచాయి.

కోటి రూపాయలు వచ్చాయంటే, టికెట్టు 40 అయితే రెండున్నర లక్షల మంది చూసినట్టు, 100 అయితే లక్ష మంది, 250 అయితే నలభై వేల మంది. అప్పటి గుంటూరు కోటి, హైదరాబాదు కోటి ఒకటి కావు. పోస్టర్ మీది కోట్లలో ఇంకో మెలిక కూడా ఉంది. గ్రాస్ అంటే కౌంటరులో తెగిన టికెట్ల మొత్తం. షేర్ అంటే పన్నులు, హాలు అద్దె పోగా పంపిణీదారుకు మిగిలేది. ఒక సినిమా గ్రాసుతో ఇంకో సినిమా షేరును పోల్చి ఎవరైనా వాదిస్తుంటే ఆ వాదన అక్కడితో వదిలేయవచ్చు.

ఇప్పుడు ఫోనులోకి వద్దాం. సినిమా పేరు కింద నక్షత్రం, పక్కన పెద్ద అక్షరాల్లో అంకె, దాని పక్కన చిన్న అక్షరాల్లో ఎన్ని ఓట్లో. ఆ చిన్న అక్షరాలే ముందు చదవాలి. ఉదయం ఆటకు 20 ఓట్లతో సగటు 8 ఉందనుకోండి. ఎవరో ఐదుగురు కోపంతో తలా ఒక్క మార్కే వేస్తే అది 6.6కు పడుతుంది. రెండు వేల ఓట్లున్నచోట అదే ఐదుగురు వేస్తే 7.98 అవుతుంది, తెర మీద ఎనిమిదే కనపడుతుంది. శాతాలకూ ఇదే సూత్రం. పాతికమందిలో నూటికి 60 బాగుందన్నారంటే అసలు సంగతి 40 నుంచి 80 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. నాలుగు వందల మంది అన్నారంటే 55కూ 65కూ మధ్య ఉండొచ్చు.

‘ఓట్లు ఎక్కువుంటే నమ్మొచ్చా?’ ఎక్కువగా ఉంటే చాలదు, రకరకాల వాళ్లవి కూడా కావాలి. గుంటూరు మిర్చి యార్డులో సరుకు కొనేవాడు ఒక్క టిక్కీ, అంటే బస్తా, పైభాగాన కనిపించే కాయ చూసి ధర చెప్పడు. నాలుగైదు టిక్కీల్లోంచి, లోపలి నుంచి తీయించి చూస్తాడు. సినిమా మొదటిరోజు ఓట్లు పైభాగాన కాయ లాంటివి. ముందే ఇష్టపడి, ముందే టికెట్టు కొనుక్కున్న అభిమానులు వేసినవి అవి. అమెరికాలో సినిమాస్కోర్ అనే సంస్థ మొదటిరోజు హాల్లోనే కార్డులిచ్చి అభిప్రాయం తీసుకుంటుంది, అందులో చాలా సినిమాలకు మంచి మార్కులే వస్తాయి. సోమవారం తర్వాత అంకె నిలబడిందా, జారిందా చూడండి. ఐఎండీబీలో ఒకటి నుంచి పది దాకా ఏ మార్కుకు ఎన్ని ఓట్లో గీతలుగా చూపిస్తారు. పదిలోనూ ఒకటిలోనూ గీతలు ఎత్తుగా ఉండి మధ్యలో బోసిగా ఉంటే, అక్కడ సినిమా మీద కన్నా హీరో మీద ఇష్టాయిష్టాలే ఎక్కువగా పడ్డాయని తెలుస్తుంది.

నేను ‘అందరూ ఆరు వేసిన’ సినిమానే ఎందుకు ఎంచుకుంటానో ఇప్పుడు చెప్పాలి. నూటికి 70 మందికి నచ్చిన సినిమా మీ ఇంట్లో నలుగురికీ నచ్చే అవకాశం 70 కాదు. ఎవరి అభిరుచి వాళ్లదే అనుకుంటే 0.7ను నాలుగుసార్లు హెచ్చవేయాలి. 0.24 వస్తుంది. నూరు ఇళ్లు వెళితే 24 ఇళ్లలోనే నలుగురూ తృప్తిగా బయటికి వస్తారు. ‘ఒకే ఇంట్లో వాళ్ల అభిరుచులు కలుస్తాయి కదా’ అనొచ్చు. కలుస్తాయి, అందుకే అసలు సంఖ్య 24కూ 70కీ మధ్య ఎక్కడో ఉంటుంది. 90 మందికి నచ్చిన సినిమాకైనా ఇదే లెక్కన 66 ఇళ్లే. గుంటూరుకు పోను రాను ఆటో, నాలుగు టికెట్లు, ఇంటర్వెల్లో పాప్‌కార్న్ కలిపి వెయ్యి రూపాయలు పెట్టేటప్పుడు, ఎంత గొప్పగా ఉందన్నదాని కన్నా ఎవరికీ ఇబ్బంది కలగలేదన్నదే ఎక్కువ విలువైన సమాచారం. సగటు చూడకండి, అడుగున ఒకటి, రెండు, మూడు మార్కులు ఎందరు వేశారో చూడండి.

పిల్లల విషయంలో సర్టిఫికెట్టు కూడా ఇప్పుడు కాస్త విడమర్చి చెబుతోంది. 2024 చివరి నుంచి కొత్త సినిమాలకు యూఏ 7+, 13+, 16+ అని మూడు మెట్లు వచ్చాయి. అయితే సరసం పాలు ఎంతో సర్టిఫికెట్టు చెప్పదు. ‘బంగార్రాజు’లో కథానాయకుడు అమ్మాయిల వెంట పడే హాస్యం కొన్ని ఇళ్లలో నవ్వు తెప్పిస్తుంది, కొన్ని ఇళ్లలో తాతయ్య పక్కన కూర్చున్న పిల్లకు ఇబ్బంది అవుతుంది. రెండిళ్లకూ సర్టిఫికెట్టు ఒక్కటే.

ఆగగలిగిన వాళ్లకు ఒక లెక్క. ‘బంగార్రాజు’ 2022 ఫిబ్రవరి 18న జీ5 ఓటీటీలోకి వచ్చింది. విడుదలకూ దానికీ మధ్య ఐదు వారాలు. వెనకటికి సినిమా వంద రోజులు ఆడిందంటే అదే జనాభిప్రాయం, ఎవరూ ఓటు వేయనక్కర్లేకపోయేది. ఐదు వారాల్లో ఆ కొలత కుదరదు కాబట్టే రేటింగుల మీద ఇంతగా ఆధారపడుతున్నాం.

ఆ రేటింగుల్లో ఇంటిల్లిపాది సినిమాకు జరిగే అన్యాయం ఒకటుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నలుగురి టికెట్లూ ఒకే ఫోనులో బుక్కవుతాయి, రేటింగ్ ఇమ్మని సందేశం ఆ ఒక్క ఫోనుకే వస్తుంది. నలుగురు చూశారు, ఓటు ఒకటి. అది చాలాసార్లు ఇంట్లో కుర్రవాడిదే. నాయనమ్మ అభిప్రాయం, ఆరో తరగతి పిల్ల అభిప్రాయం ఎక్కడా నమోదు కాదు. కౌంటరులో డబ్బిచ్చి టికెట్టు కొన్న కూలి జనానిదీ అంతే. రాకుమారి సినిమా అయినా, సంక్రాంతి సినిమా అయినా, ఎవరి కోసం తీశారో వాళ్ల మాటే లెక్కలో తక్కువ. అందుకే మీలాంటి ఇల్లు చూసొచ్చిందని తెలిస్తే ‘బాగుందా?’ అని అడక్కండి. పెద్దావిడ చివరిదాకా కూర్చున్నారా, పిల్లలు మధ్యలో పోదామన్నారా అని అడగండి. ఈసారి మీ ఇంట్లో టికెట్లు బుక్ చేసినవాళ్లు రేటింగ్ నొక్కే ముందు మిగతా ముగ్గురినీ తలా ఒక మార్కు చెప్పమని, నాలుగూ కూడి నాలుగుతో భాగించి ఆ అంకె వేస్తే, తర్వాతి ఆటకు బయల్దేరే ఇంటికి అది పనికొస్తుంది.